ముప్పై ఒకటో గడి

రుషికొండ,
26 జూలై 2025.

మాస్టారికి నమస్కారాలు.

మీకు చెవులు బొత్తిగా వినబడటం లేదనీ, ఫోన్ ఎత్తరనీ, ఫోన్లో పంపే ముక్కలకు జవాబివ్వరనీ రామలక్ష్మమ్మ గారు చెప్పారు. కాగితం మీద రాస్తే మాత్రం అందిన రోజే కూర్చుని జవాబు రాస్తారట. భార్య చెప్పాక ఇక తిరుగేముంది. పెన్ను పట్టుకుని ఎన్నేళ్ళయిందో, మొదటి పేజీకే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

సంగతి మన అలల ప్రోగ్రాంది. తెల్లారేసరికి పోటు ఎన్నింటికి, అల ఎంత ఎత్తు అని లెక్కగట్టి జాలరిపేట ఒడ్డున బోర్డు మీద వేసేది. మీరున్నప్పుడు ఒక్క కంప్యూటర్ మీద యాభై నిమిషాలు నడిచేది. భీమిలి దాకా ఊళ్ళన్నీ కలపమని పైనుంచి చెప్పారు. అంత లెక్క ఒక్క కంప్యూటర్ వల్ల కాదు. వేట నిషేధం రోజుల్లో, పడవలు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి కదా అని, నాగబాబు ఆ పనిని పదహారు కంప్యూటర్లకు పంచాడు. నాగబాబును మీరెరగరు. మల్కాపురం మనిషి. మీరు వెళ్ళాక చేరాడు, నాలాగే కాంట్రాక్టు. పని పంచడానికి బయటివాళ్ళు రాసిపెట్టిన కోడ్, పారలల్ లైబ్రరీ ఒకటి తెచ్చి ప్రోగ్రాంకు కలిపాడు. ఇప్పుడు ఆరు నిమిషాల్లో అయిపోతోంది. జూన్ పదహారున మొదలుపెట్టాం, అందరూ మెచ్చుకున్నారు.

జూన్ 25న పడిపోయింది. లెక్కంతా చేసేసి, చివర్లో తీసుకున్న మెమరీ తిరిగి ఇచ్చేటప్పుడు చచ్చింది. రోజంతా ఎన్నిసార్లు నడిపినా అంతే. ఒడ్డున ముందురోజు బోర్డే ఉండిపోయింది. సాయంత్రం నాగబాబు ఏదో సెట్టింగ్ మార్చాడు, మర్నాడు నడిచింది. బాగైపోయిందనుకున్నాం. మొన్న జూలై 24న మళ్ళీ అదే కథ. మళ్ళీ ఏదో మార్చాడు, మళ్ళీ నడుస్తోంది. పడిన ప్రతిసారీ తెర మీద కనబడే చివరి పేరు ఆ లైబ్రరీదే.

ఆఫీసులో అందరి వేలూ నాగబాబు వైపే ఉంది. అతని కాంట్రాక్టు ఆగస్టు 31తో అయిపోతుంది. ఈలోగా కారణం తేలకపోతే పొడిగించరు. అతనికి మూడేళ్ళ కూతురుంది, ఇంట్లో ఇంకో జీతం లేదు. మీకేమైనా తోస్తే రాయండి.

సూర్యకళ.


పార్వతీపురం,
30 జూలై 2025.

చిరంజీవి సూర్యకళకు ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇవాళ అందింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నా విషయం బాగానే చెప్పావు. ఫోన్లో ముక్కలుగా పంపితే ముక్కలుగానే ఆలోచిస్తారు మీరంతా. అందుకే వద్దంటాను.

అయితే ఒక పాత జబ్బు నీకింకా పోలేదు. చూసినదీ అనుకున్నదీ ఒకే వాక్యంలో కలిపేస్తావు. "సెట్టింగ్ మార్చాడు, మర్నాడు నడిచింది" అన్నావు. మార్చడం చూశావు. నడవడం చూశావు. మార్చడం వల్ల నడిచిందని ఎవరు చెప్పారు నీకు? మార్చకపోయినా నడిచేదేమో. నా దగ్గర చేరిన కొత్తలో పేజీ మధ్యలో గీత గీయించేవాణ్ణి, గుర్తుందా. ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది. మళ్ళీ గీత గీయి.

జూన్ ఒకటి నుంచి ఇప్పటిదాకా ప్రతి రోజు డేటానూ తీసి కొత్త ప్రోగ్రాంలో మళ్ళీ నడుపు. ఏ రోజుది పడింది, ఏ రోజుది పడలేదు, వరసగా రాయి. మే నెలది ఉంటే అదీ నడుపు. ఒక పూట పని.

నాకొక అనుమానం తగిలింది. చెప్పను. చెబితే నాలుగు రోజుల్లో మర్చిపోతావు, నువ్వే పట్టుకుంటే చచ్చేదాకా గుర్తుంటుంది. ఆగస్టు ముప్పై ఒకటికి ఇంకా నెల రోజులుంది. ఆ నాగబాబుని కంగారు పడొద్దని చెప్పు.

ఇక్కడ వర్షాలు. పాలిటెక్నిక్‌లో వారానికి మూడు రోజులు పాఠం చెబుతున్నాను. పిల్లలు ఏం అడిగినా వినబడదు గనక నల్లబల్ల మీద రాసి అడుగుతారు. దానివల్ల ప్రశ్నలు బాగుపడ్డాయి.

రమణమూర్తి.


రుషికొండ,
10 ఆగస్టు 2025.

మాస్టారికి నమస్కారాలు.

అనుమానం తగిలిందట, చెప్పరట. మీరు మారలేదు. నేనింకా ట్రైనీనే అనుకుంటున్నట్టున్నారు.

మీరు చెప్పిన వరస పూర్తిగా చేయలేదు. ఒక పూట పని అంటారు గానీ, ఆ పదహారు కంప్యూటర్లూ పగలు వేరేవాళ్ళకు కావాలి. ఆ రెండు రోజుల డేటా మాత్రం నడిపాను, రెండూ పడ్డాయి. అటూ ఇటూ నాలుగు రోజులవి నడిపాను, పడలేదు. ఆ రెండు రోజులూ సముద్రం జోరుగా ఉంది, డేటా బరువై ఉంటుంది. ఇది కుడివైపు రాయాల్సింది, ఒప్పుకుంటున్నాను.

ఎడమవైపు రాయాల్సింది ఇంకోటుంది. మీ కాలంనాటి పాత ప్రోగ్రాం తీశాను. ఒకే కంప్యూటర్, పని పంచడమంటూ లేదు. జూన్ 25 డేటా ఇచ్చాను. శుభ్రంగా నడిచింది. తర్వాత అదే ప్రోగ్రాంకు, ఒక్క అక్షరం మార్చకుండా, లైబ్రరీని ఊరికే కలిపాను. దాన్ని ఎక్కడా పిలవలేదు, వాడలేదు. కలిపానంతే. పడిపోయింది. తీసేశాను, నడిచింది. మళ్ళీ కలిపాను, పడింది. పదిసార్లు చేశాను. ఇంతకంటే ఇంకేం రుజువు కావాలి?

నాగబాబు పక్క సీట్లోనే కూర్చుని చూశాడు. "నాను తెచ్చిందే కదక్కా, నా తప్పే అయ్యుంటాది. ఎక్కడుందో కనబడతన్లేదు. సూత్తన్నాను," అన్నాడు. ఆ లైబ్రరీ లోపలి కోడ్ వేల పేజీలుంటుంది. అచ్చు తీసి పుస్తకంలా కుట్టించుకుని మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు.

మా కాంట్రాక్టులు చూసే అర్జునరావు గారు ఈ పరీక్ష గురించి ఒక కాగితం అడిగితే ఇచ్చాను. నాన్న కులాసా. ఈ ఏడు వలలు కొత్తవి కొన్నాడు.

సూర్యకళ.


పార్వతీపురం,
16 ఆగస్టు 2025.

చిరంజీవి సూర్యకళకు ఆశీస్సులు.

వలల సంగతి రాసి కాగితం సంగతి దాటేద్దామనుకున్నావా? అర్జునరావుకి ఏం రాసిచ్చావు? నీ సంతకం ఉందా దాని మీద? జవాబు రాయి.

నీ పరీక్ష మంచిదే. దాన్నుంచి నువ్వు తీసిన తీర్పు మంచిది కాదు. ఒక వీధిలో ఎన్నాళ్ళ నుంచో దొంగతనం జరుగుతోంది, ఎవరూ గమనించలేదు. కొత్త వాచ్‌మన్ వచ్చాడు. మొదటి నెలలోనే కేక వేశాడు. ఇన్నాళ్ళూ లేని గొడవ వీడొచ్చాకే వచ్చింది, వీడే దొంగ అంటావా?

ప్రోగ్రాం మెమరీ అడుగుతుంది. ఇచ్చేవాడొకడు ఉంటాడు. పాత ప్రోగ్రాంలో ఆ పని సిస్టంతో వచ్చినవాడు చేసేవాడు. ఇలాంటి లైబ్రరీలు కొన్ని తమవాణ్ణి వెంట తెచ్చుకుంటాయి. కలిపితే చాలు, పాతవాణ్ణి పక్కకు నెట్టి వాడే కూర్చుంటాడు. నువ్వు పిలవక్కర్లేదు. ఇద్దరి అలవాట్లూ ఒకటి కావు. పాతవాడు అడిగినదానికి కొసరు కలిపి ఇస్తాడు. కొత్తవాడు కొలిచి ఇచ్చి, ఆ ముక్క అంచునే తన గుర్తు రాసుకుంటాడు. తిరిగి ఇచ్చేటప్పుడు గుర్తు చెరిగి ఉంటే ప్రోగ్రాంని అక్కడికక్కడే ఆపేస్తాడు. చెరిపినవాడు ఎవరో వాడికి తెలియదు. కేక వేసినచోట వాడి పేరే కనబడుతుంది. నేరం ఇంకెక్కడో, ఎప్పుడో జరిగి ఉంటుంది.

ఇంతకంటే చెప్పను. ఇరవై మూడు శనివారం, సెలవు. అయినా ఆఫీసుకు వెళ్ళు. మళ్ళీ పడుతుంది. పడకపోతే చెవి కోయించుకుంటాను, ఎలాగూ పని చేయడం లేదు.

రమణమూర్తి.


రుషికొండ,
2 సెప్టెంబరు 2025.

మాస్టారికి,

మీ చెవికి ఢోకా లేదు. ఇరవై మూడున పడింది.

పొద్దున్నే చూసి, ఏమీ తోచక జాలరిపేట వెళ్ళాను. నాన్న బోర్డు దగ్గరే ఉన్నాడు. ముందురోజు బోర్డు చూసి నవ్వుతున్నాడు.

"ఏటే, మీ మిషన్ అమాస కమాస సెలవెట్టుద్దేటి?" అన్నాడు.

"అదేటి నాన్నా?"

"మిగతా రోజులు మీ బోర్డుతో నాకేటి పని? పున్నానికీ అమాసకీ పోటు జోరుగుంటాది గావట్టి, ఆ రెండ్రోజులే వచ్చి సూత్తాను. పున్నానికి బాగానే రాత్తారు. అమాస్నాడొత్తే పాత బోర్డే. మూణ్ణెల్ల బట్టీ సూత్తన్నాను."

చదువుకున్నదాన్ని, ఆయన కూతుర్ని, మూడు తేదీలు చేతిలో పెట్టుకుని క్యాలెండర్ చూడలేదు. మర్నాడు ఆదివారం ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్ళాను. మే 27 అమావాస్య. ఆ రోజు డేటా తీసి కొత్త ప్రోగ్రాంలో నడిపాను. పడింది. ఇక ఎక్కడ చూడాలో తెలిసిపోయింది.

ప్రోగ్రాంలో ఉన్న తిథి పట్టిక నేను రాసిందే. ఆరేళ్ళ క్రితం, చేరిన నాలుగో నెలలో. తిథిని బట్టి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు ఎంత ముందువెనకలవుతుందో నాన్న నోటి లెక్కంతా రాసుకుని ప్రోగ్రాంలో పెట్టాను. అప్పుడే బోర్డు నిజం చెబుతోందని ఒడ్డున నమ్మడం మొదలుపెట్టారు. మీరు కూడా శభాష్ అన్నారు. తిథులు ముప్పై కదా, ముప్పై గళ్ళకు మెమరీ అడిగాను. ఏ రోజు తేడాను ఆ తిథి నంబరు గడిలో రాయమన్నాను. పంచాంగంలో అమావాస్య నంబరు ముప్పై. ప్రోగ్రాంలో గళ్ళు సున్నా నుంచి మొదలవుతాయి, ఇరవై తొమ్మిదితో ఆఖరు. ముప్పయ్యో నంబరు అంటే ముప్పై ఒకటో గడి. అది నేను అడగనే లేదు. నెలకోసారి, అమావాస్య నాడు, నాది కాని చోట రాస్తున్నాను. పాతవాడు ఇచ్చే కొసరు సరిగ్గా ఒక్క గడి. ఆరేళ్ళు అందులో పడింది, ఎవరికీ తెలియలేదు. నాగబాబు తెచ్చినది కేక వేసింది.

సోమవారం ముప్పై తీసి ముప్పై ఒకటి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మీరడిగిన కాగితం సంగతి. "లోపం పూర్తిగా కొత్తగా కలిపిన లైబ్రరీలోనిదే, పాత కోడ్‌లో ఏ దోషమూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. దాన్ని పట్టుకునే నాగబాబుకు పొడిగింపు లేదన్నారు. నిన్నటి నుంచి అతని సీటు ఖాళీ. వెళ్ళేముందు లైబ్రరీలో తను చదివినంతవరకూ గుర్తులు పెట్టిన పుస్తకం నాకిచ్చి, "మిగతాది నువ్వు సూడక్కా, అందులోనే ఎక్కడో ఉంటాది," అన్నాడు. తీసుకున్నాను.

భయపడ్డాను మాస్టారూ. నా కాంట్రాక్టు కూడా డిసెంబరు దాకానే. నోరు తెరవాలని రోజూ అనుకున్నాను, రోజూ రేపనుకున్నాను. సిగ్గుగా ఉంది.

కానీ మీకు ముందే తెలుసు. తేదీలు చూడగానే తెలిసింది. మీ గోడ మీద క్యాలెండరు ఉంటుంది, మీరు తర్పణాలు వదిలే మనిషి. ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ఆ కాగితం రాసేదాన్నే కాదు. నాకు పాఠం చెప్పడం కోసం ఒక మనిషి ఉద్యోగాన్ని నల్లబల్ల చేశారు మీరు.

సూర్యకళ.


పార్వతీపురం,
7 సెప్టెంబరు 2025.

సూర్యకళకు,

నీ మాట నిజం. జూలై 30న నీ మొదటి ఉత్తరం చదివిన పావుగంటకే తెలిసింది. రెండు తేదీలూ అమావాస్యలు. ప్రోగ్రాంలో తిథి ఉన్న చోటు ఒక్కటే. లేచి పాత కాగితాలు తీసి చూశాను కూడా. ముప్పై అని ఉంది.

నీకు నేర్పుదామనుకున్నానన్నది సగం నిజం. మిగతా సగం ఎవరికీ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆ తిథి పట్టిక కాగితం అడుగున తనిఖీ చేసినవారు అన్నచోట నా సంతకం ఉంది. నీకప్పుడు నాలుగు నెలల అనుభవం. నాకు ముప్పయ్యేళ్ళది. ముప్పై తిథులు, ముప్పై గళ్ళు. చిన్నప్పటి నుంచి పంచాంగం చూసినవాణ్ణి గనక నా కళ్ళకు అది ఎంతో సరిగ్గా కనబడింది. తిథి అంటే ఏమిటో తెలియని మనిషి ఎవరైనా అయితే వేళ్ళు పెట్టి లెక్కపెట్టేవాడు. నేను లెక్కపెట్టలేదు.

నువ్వే పట్టుకుని నువ్వే దిద్దుకుంటే, పాత కాగితం ఎవరూ తీయరనుకున్నాను. ఇరవై మూడున తెలుస్తుంది, ముప్పై ఒకటికి వారం గడువుంటుంది, చాలుననుకున్నాను. ఆ వారంలో నువ్వేం చేస్తావో నేనాలోచించలేదు. నేను నెల రోజులు నోరు మూసుకుని, నువ్వు వారంలో నోరు తెరుస్తావని నమ్మాను. నన్ను క్షమించమని నిన్ను అడగను. అడగాల్సింది నిన్ను కాదు.

దీంతో రెండు కాగితాలు జత చేశాను. ఒకటి అర్జునరావుకి. ఒకటి నాగబాబుకి. రెండింట్లోనూ ఒకే విషయం ఉంది. తప్పు పాత కోడ్‌ది, తనిఖీ చేసి పంపినవాణ్ణి నేను, నాకు జూలై 30న తెలిసింది, చెప్పలేదు. అర్జునరావుది నీ కాగితంతో కలిపి ఇవ్వు. నాగబాబుది నువ్వే ఇంటికి వెళ్ళి చేతికివ్వు. పోస్టులో వేయకు.

రమణమూర్తి.


రుషికొండ,
22 సెప్టెంబరు 2025.

మాస్టారికి నమస్కారాలు.

పన్నెండున నా పాత కాగితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసి, మీదీ నాదీ కలిపి ఇచ్చాను. అర్జునరావు గారు రెండూ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడు తిరగదోడ్డం ఎందుకమ్మా? లైను దిద్దేసేవు గదా. ఊరుకోరాదా?" అన్నారు. ఊరుకోనన్నాను. అందినట్టు సంతకం చేయమని నిలబడ్డాను. చేశారు. నా కాంట్రాక్టు సంగతి డిసెంబరులో చూస్తామన్నారు, ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. నాగబాబును వెనక్కి పిలుస్తారా అంటే, ఆ సీటులోకి ఇంకొకరు వచ్చేశారు కదా అన్నారు.

నిన్న అమావాస్య. తెల్లవారుజాము నాలుగింటి లెక్క ఆగకుండా నడిచింది, బోర్డు పడింది. అది చూసుకుని మల్కాపురం వెళ్ళాను. పన్నెండు నుంచి ఇరవై ఒకటి దాకా ఎందుకు ఆగావని అడుగుతారు మీరు. నడుస్తుందని రుజువు చూపిస్తే అతనికి ఉపయోగమని నాకు నేను చెప్పుకున్నాను. ఇది కుడివైపు రాయండి.

నాగబాబు ఇంట్లోనే ఉన్నాడు. ఒక కంటైనర్ యార్డు ఆఫీసులో మాట్లాడుకున్నాడట. వాళ్ళు పాత చోట ఎందుకు మానిపించారని అడిగారు, జవాబు పట్టుకొస్తే చేర్చుకుంటామన్నారు. భార్య మహేశ్వరి టీ తెచ్చి పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది. నేను మొత్తం చెప్పాను. అమావాస్య, ముప్పై, ముప్పై ఒకటి. అతను మధ్యలో ఒక్కటే అడిగాడు. "అయితే లైబ్రరీలో ఏటీ లేదా?" లేదన్నాను. భార్య వైపు తిరిగి, "ఇన్నావా, నాది కాదంట," అన్నాడు.

"ఇప్పుడు సెప్పడానికొచ్చేరా," అని మహేశ్వరి నన్నే చూసింది. "రెణ్ణెల్లు ఈ మనిషి అన్నం కాడ కూడా ఆ పుస్తకమే సదివేడు. పాప పిలిస్తే పలికేవోడు కాదు. ఏటో తప్పు సేసేను, అదేటో దొరకతన్లేదని ఒకటే గోల. మీరు పక్క కుర్సీలోనే గదా ఉండేవోరు."

అవునన్నాను.

మీ కాగితం ఇచ్చాను. మెల్లగా చదివాడు. తర్వాత నాది, ఆఫీసుకు ఇచ్చినదానికి నకలు. అదీ అంతే మెల్లగా చదివాడు. రెండూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకున్నాడు.

"పెద్దాయన తనకెప్పుడు తెలిసిందో తేదీ ఏసేరు," అన్నాడు. "నీ కాయితంలో లేదేటక్కా?"

నా కాగితంలో "తదుపరి పరిశీలనలో తెలిసింది" అని ఉంది. ఆ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అందులో అబద్ధం లేదని చాలాసార్లు చదివి చూసుకున్నాను.

పెన్ను తీసి అక్కడే, మోకాలి మీద పెట్టుకుని, "తదుపరి పరిశీలనలో" కొట్టేసి, పైన 24 ఆగస్టు అని రాసి పక్కన సంతకం పెట్టి ఇచ్చాను. అతను చూశాడు. ఎడమ చేతి వేళ్ళ మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టుకున్నాడు, పెదాలు కదిలాయి.

"నాను ఎల్లిపోడానికి ఏడ్రోజులు ముందు," అన్నాడు.

అవునన్నాను. ఆఫీసులో ఉన్న అసలు కాగితం మీద కూడా ఇవాళ పొద్దున్న ఆ తేదీ వేసి వచ్చాను.

సూర్యకళ.